యాదమ్మ చేనులో నల్లటోపీ మనిషి

"గుర్తుంచుకో సదాశివా! నేరం ఇంకా నేరస్థుడి మనసులో మొలకెత్తక ముందే దాని వాసన పట్టగల ముక్కు ఈ జహీరాబాద్ మొత్తానికి ఒక్కటే ఉంది. ఆ ముక్కు ఇదిగో, నా మొహం మీద ఉంది!"

ఇలా ప్రకటించి ఇంద్రసేన ఠీవిగా కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే "అవ్వో, సచ్చిన్రా!" అని లేచాడు. ఎక్కడ పెట్టానా అని పొద్దుటి నుంచి వెతుకుతున్న సోల్డరింగు కడ్డీ కుర్చీలోనే ఉంది, అదీ వేడివేడిగా. జహీరాబాద్ మొత్తానికి ఉన్న ఆ ఒక్క ముక్కుకీ కాలుతున్న ప్యాంటు వాసన కొంచెం ఆలస్యంగా అందింది.

ఇంద్రసేన రేడియోలు బాగుచేస్తాడు. అది పొట్ట కోసం. డిటెక్టివ్‌గా ఉండడం మాత్రం, అతని మాటల్లో, మానవాళి కోసం. మనిషికి రెండు భాషలున్నాయి. మామూలుగా మా అందరి లాగే మాట్లాడతాడు. పరిశోధన పూనినప్పుడు మాత్రం అద్దెకు తెచ్చి చదివిన డిటెక్టివ్ పుస్తకాల భాష మాట్లాడతాడు. దెబ్బ తగిలితే మళ్ళీ మొదటి భాషకు వచ్చేస్తాడు. దెబ్బలు తరచుగా తగులుతాయి కాబట్టి మాకు పెద్దగా ఇబ్బంది లేదు.

అంతకు ముందు ఏడాది మక్సూదా బేగం గారి కోడిపుంజు కనిపించకుండా పోయినప్పుడు గల్లీ గల్లీని ప్రశ్నించి, చివరికి పక్కింటికి పండుగకు వచ్చిన అల్లుడి మీద అనుమానం ప్రకటించాడు. అల్లుడు అలిగి బస్సెక్కాడు. పుంజు మాత్రం ఇంద్రసేన దుకాణం మీద, ఏరియల్ కర్ర పక్కన కూర్చుని పరిశోధన మొత్తం విన్నది. ఆఖరికి అదే విసుగొచ్చి కూసింది.

ఇక నా సంగతి. ఎనభైల్లో మాట ఇది. అప్పుడే నన్ను ఝరాసంగం హైస్కూలుకు డ్రాయింగు మాస్టరుగా వేశారు. బస్సు ఉంది కానీ, దాని ఇష్టం దానిది. అందుకని జహీరాబాద్ నుంచి రోజూ సైకిలు మీద వెళ్ళేవాణ్ణి. దసరా వెళ్ళాక ఆ దారి చూడాలి! ఎర్రమట్టి బాటకు రెండు పక్కలా తంగేడు, గట్ల మీద గునుగు, గడ్డినువ్వుల పసుపు, పూతకొచ్చిన కంది, పైన కడిగి ఆరేసినట్టు ఆకాశం. నాలుగు రోజులు చూసి ఊరుకున్నాను. ఐదో రోజు నావల్ల కాలేదు. ఫరీద్ స్టూడియోలో ఒక పాత కెమెరా అడిగి తెచ్చుకుని, బడికి వెళుతూ వెళుతూ ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. పొద్దున్నే చలి కాబట్టి నా భార్య దేవమ్మ అల్లిన నల్ల మంకీ టోపీ మెడ దాకా లాక్కునేవాణ్ణి. మంచి దృశ్యం కోసం రోడ్డు వదిలి బండ్లబాట పట్టేవాణ్ణి. ఒక్కోసారి బోర్లా పడుకునేవాణ్ణి కూడా. మంచు ఆరేలోపు తీయాలి కాబట్టి ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. రీలు నిండాక కెమెరాతో సహా ఫరీద్‌కు ఇచ్చేసి, కడిగి పెట్టమన్నాను.

ఇంద్రసేన కడ్డీ మీద కూర్చున్నది ఆ మరునాడే, ఆదివారం. అతను వెనక వైపు నిమురుకుంటూ ఉండగానే, తల మీద గంపతో ఒక పెద్దామె దుకాణం ముందు ఆగింది.

"సారూ, రేడియోల భూముల ముచ్చట ఏమన్న చెప్పిన్రా?"

"ఏ భూములు?"

"మావే. సర్కారోళ్ళు గుంజుకుంటున్నరంట గద. రేడియోలు అన్నీ నీ తాననే ఉంటయ్, నీకు ముందుగాల ఎరుకైతదని వచ్చిన."

ఇంద్రసేన కళ్ళు పెద్ద బల్బుల్లా వెలిగాయి. ఆమెను లోపలికి పిలిచి స్టూలు వేసి కూర్చోబెట్టాడు. "అమ్మా! నిర్భయంగా చెప్పండి. ఈ గది లోంచి ఒక్క అక్షరం బయటికి పోదు" అన్నాడు. ఆ గదికి మూడు గోడలే. నాలుగో పక్కన ఉన్నది బజారు.

ఆమె పేరు యాదమ్మ. ఝరాసంగం దారిలోనే చిన్న ఊరు. రోడ్డు దిగి బండ్లబాటలో పోతే ఆమె చేను.

"రోజూ పొద్దు పొడువంగనే ఒకడొస్తున్నడు సారూ. సైకిల్ మీద. మొకం కనవడకుంట నల్లటోపి. మెడల డబ్బ. మనిషి ఆరడుగుల పైమాటే. మా చేన్ల దిక్కు డబ్బ పెట్టి టిక్కుమనిపిస్తడు, పోతడు. ఎవలితోని మాట్లాడడు. ఒకనాడు నేలమీద పండుకొని మరీ జూసిండు!"

"ఫోటోలు తీస్తున్నడేమో పెద్దమ్మా" అన్నాను.

"ఫోటోలే. గదే గద నా రంది! మనిషిని తీస్తే పెండ్లికో పేరంటానికో అనుకుంటం. వట్టి చేను ఫోటో ఎవడన్న తీస్తడా బిడ్డా? పెద్దరోడ్డు దిక్కు గిట్లనే అయింది. ముందుగాల ఒకడొచ్చి వట్టి చేన్ల ఫోటోలు తీస్కపోయిండు. ఎనుక టేపులు పట్టుకొని వచ్చిన్రు. ఆ ఎనుక తెల్లరాళ్ళు పాతిన్రు. ఇప్పుడు ఆడ ఏదో కంపెనీ గోడ ఉన్నది, చేన్లు లెవ్వు."

"మరి ఏం చేద్దామనుకుంటున్నవ్?"

"కోసేస్త. జొన్న పాలమీదున్నది, కంది పూతమీదున్నది. ఉంటే ఉండనీ. రాళ్ళు పాతినంక చేన్లకు రానియ్యరంట. కంపెనీకి పోయేకంటె నా బర్రె తిన్నది నయం. బుధవారం మొగుడంపల్లికెల్లి కూలోళ్ళను పిలుస్తున్న."

పూత మీద ఉన్న కందిని కోస్తే కట్టెపుల్లలు తప్ప ఏమీ దొరకవు. నేను ఆ మాటే అన్నాను. యాదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకెరుక లేదా బిడ్డా? మా ఆయన పోయినంక ఆ చెలకనే నన్ను సాదుతున్నది. ఏడాది గింజలు అండ్లనే. కోస్తుంటె నా చెయ్యే నరుక్కున్నట్టుంటది. ఏం జెయ్యాలె మరి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక ముసలామె నోటికాడి కూడు పోగొట్టడానికి వచ్చిన ఆ దుర్మార్గుడెవడో కనిపిస్తే చెంప పగలగొట్టాలనిపించింది. చదివే మీరు నాకంటే తెలివైనవాళ్ళు, మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకు మాత్రం, ఒట్టు, అర్థం కాలేదు. నేను అయిదున్నర అడుగులవాణ్ణి. అద్దంలో ఎప్పుడు చూసుకున్నా డ్రాయింగు మాస్టరు లాగే కనిపించాను.

"నేను రోజూ ఆ తొవ్వలనే పోత గద! వాడు నాకు ఒక్కనాడు కనవడలే!" అన్నాను ఆవేశంగా.

ఇంద్రసేన చూపుడువేలు గాలిలోకి లేచింది. "అక్కడే ఉంది వాడి రాక్షస మేధస్సు! నువ్వు వచ్చే వేళకు వాడు అదృశ్యమవుతున్నాడు. నీ ప్రతి కదలికా వాడికి తెలుసు సదాశివా!"

నేను బజారు అటు చివరా ఇటు చివరా చూశాను.

"అమ్మా, బుధవారం దాకా కొడవలి ముట్టకండి. ఆ నల్లటోపీ రాక్షసుణ్ణి బంధించి మీ పాదాల ముందు పడవేస్తాను" అన్నాడు ఇంద్రసేన.

"పడేసుడు గిడేసుడు వద్దు సారూ. చేను తీస్కుంటరా లేదా, గది జెప్పు చాలు" అని యాదమ్మ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. ఇద్దరం అంటే, నేను ఎప్పటిలాగే టోపీ మెడ దాకా లాక్కుని తొక్కాను, ఇంద్రసేన క్యారియరు మీద కూర్చుని ఆలోచించాడు. ఆరడుగులకు వేలెడు తక్కువ మనిషి అతను. కాళ్ళు నేలను రాస్తూ వచ్చాయి. మోకాళ్ళ దాకా పాత నల్ల రెయిన్‌కోటు, చేతిలో దర్జీ దగ్గర తెచ్చిన టేపు. ఎదురొచ్చిన గొర్రెలమంద మాకు దారి ఇచ్చి, మేం దాటిపోయేదాకా వెనక్కి తిరిగి చూసింది.

యాదమ్మ చేను దగ్గర సైకిలు గట్టుకు ఆనించి లోపలికి దిగాం. పక్క చేను ఎంకయ్యది. అతని మంచె యాదమ్మ గట్టును ఆనుకునే ఉంది. ఎంకయ్య దాని మీద కూర్చుని పిట్టలను తోలుతున్నాడు.

ఇంద్రసేన వంగి మట్టిని చూశాడు. "ఆహా! సైకిలు చక్రం గుర్తులు!" అని నా సైకిలు దగ్గరికి వెళ్ళి టైరు చూసి వచ్చాడు. "నీ టైరుకు ఎట్లాంటి అతుకు ఉందో, ఈ గుర్తులోనూ సరిగ్గా అట్లాంటి అతుకే ఉంది. దీన్నిబట్టి నీకేం తెలుస్తోంది?"

"ఏం తెలుస్తున్నది?"

"ఇద్దరూ ఒకే దుకాణంలో పంచరు వేయించుకుంటున్నారు. వాడు జహీరాబాద్ వాడే!"

తరువాత చెప్పు గుర్తు దొరికింది. నన్ను అందులో కాలు పెట్టమన్నాడు. పెట్టాను. చెప్పు దాంట్లోంచే ఊడివచ్చినట్టు సరిపోయింది.

"చూశావా! వాడి పాదం సరిగ్గా నీ అంతే!"

"మరి ఆరడుగులన్నది గద యాదమ్మ?"

"పాదం చిన్నది, మనిషి పెద్దవాడు. అసాధారణమైన శరీర నిర్మాణం! పట్టుకోవడం సులభం" అని టేపు తీసి, గుర్తు నుంచి గుర్తుకు, గట్టు నుంచి గట్టుకు కొలవడం మొదలుపెట్టాడు. టేపు రెండో కొస నా చేతికిచ్చాడు. మంచె మీద ఎంకయ్య పిట్టలను తోలడం మానేసి లేచి నిలబడ్డాడు.

గట్టు కింద ఒకచోట గడ్డి మనిషి పొడవున నలిగి ఉంది. దాని ముందు రెండు కంపల మధ్య సాలెగూడు. ఆ గూడును చూడగానే ఎక్కడో చూశాననిపించింది. దాని మీద మంచుబొట్లు వరసగా మెరుస్తుంటే... అంతలో ఇంద్రసేన గడ్డిలోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని వచ్చాడు.

"గుండీ! తెల్లది, నాలుగు రంధ్రాలది. సదాశివా, ఈ గుండీ లేని చొక్కా ఎవడు తొడుక్కున్నాడో వాడే మన నేరస్థుడు!"

నేను తల వంచి నా చొక్కా చూసుకున్నాను. మూడో గుండీ ఉండాల్సిన చోట దేవమ్మ పెట్టిన పిన్నీసు ఉంది.

తంగేడు కోసం తిరిగాను, సాలెగూడు కోసం పొర్లాను, అందమైన దృశ్యమని మురిసిపోయాను. ఆ దృశ్యం వెనక ఒక మనిషి గుండె పట్టుకుని నన్నే చూస్తూ ఉందని నాకు తోచనే లేదు. నిజంగా సిగ్గేసింది.

"ఇంద్రన్నా, వాడు నేనే" అన్నాను.

ఇంద్రసేన నా భుజం తట్టాడు. "భేష్! నేరస్థుడిలా ఆలోచించడం ఉత్తమ పద్ధతి. చెప్పు, ఇప్పుడు నువ్వే వాడివి. తరువాత ఏం చేస్తావు?"

"ఆలోచించుడు కాదన్నా. నిజంగ నేనే. ఫోటోలు తీసింది నేను. గుండీ నాది. ఇగో పిన్నీసు!"

"అరే తమ్మీ!" నవ్వాగక మామూలు భాషలోకి దిగాడు. "నువ్వు ఒక రాక్షసునివా? దేవమ్మను అడగకుంట చాయ్ గూడ తాగవు! ఆకులు పువ్వులు తీసే నీ ఫోటోలెక్కడ, సర్కారు రహస్య ఫోటోలెక్కడ? జర పక్కకు జరుగు, సాక్ష్యం తొక్కుతున్నవ్."

నేను తల పైకెత్తేసరికి ఎంకయ్య మంచె దిగి ఊరివైపు పరుగెత్తుతున్నాడు.

"సాక్షి పారిపోతున్నాడు!" అని ఇంద్రసేన టేపు చుట్టడం మొదలుపెట్టాడు. అది మెడకు చుట్టుకుంది. విప్పేసరికి ఎంకయ్య కనుమరుగైపోయాడు.

యాదమ్మకు చెబుదామని ఊళ్ళోకి వెళితే తలుపుకు తాళం. మొగుడంపల్లి వెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పి గబుక్కున తలుపేసుకున్నారు. నాకు బడి వేళయింది. సాయంత్రం తిరిగి వస్తుంటే రోడ్డు మీద ఎంకయ్యే ఎదురయ్యాడు. బడి నుంచి వచ్చేటప్పుడు అప్పుడప్పుడు పలకరించుకునేవాళ్ళమే. టోపీ లేదు, కెమెరా లేదు, అందుకని పొద్దుటి మనిషిని నేనేనని గుర్తు పట్టలేదు.

"ఇంత తొందరగ ఏడికి పోతున్నవ్ ఎంకయ్యా?"

"కొడవళ్ళు సాన పట్టియ్యాలె సారూ. బుధవారం దాక ఆగేటట్టు లేదు. నిన్నటిదాక ఒక్కడే వస్తుండె, ఇయ్యాల ఇద్దరొచ్చిన్రు. టేపులు వట్టి మా కండ్ల ముందలనే కొల్చిన్రు! ఇగ రాళ్ళే తక్కువున్నయ్. యాదమ్మ కూలోళ్ళను రేపు పొద్దుగాలనే తెస్తనన్నది. ఆమె అయినంక మాది."

పరిశోధన చేసిన మేలు ఇది! బుధవారం పోవాల్సిన చేను మంగళవారమే పోబోతోంది.

"ఎంకయ్యా, వాడు సర్కారోడు కాదు. ఆ ఫోటోలు నేనే తీసిన" అన్నాను.

ఎంకయ్య నన్ను పైనుంచి కిందికి జాలిగా చూశాడు. "మీరు బడి పంతులు. మంచోళ్ళ లెక్క ఉన్నరు. వాడు తాటిచెట్టంత ఉంటడు సారూ. మీకెందుకు ఈ లొల్లి, చీకటైతున్నది, పోండ్రి" అని వెళ్ళిపోయాడు.

నేరం నేనే చేశానంటే డిటెక్టివూ నమ్మడు, బాధితులూ నమ్మరు. నా మొహంలో ఏదో లోపం ఉండి ఉండాలి.

మంగళవారం తెల్లవారకముందే లేచి సైకిలు తీశాను. యాదమ్మ కాళ్ళు పట్టుకునైనా ఆపాలి. వీధి మలుపులో ఇంద్రసేన రెయిన్‌కోటుతో నిలబడి ఉన్నాడు. ఈసారి మెడలో కెమెరా కూడా ఉంది. ఫరీద్ కెమెరాయే.

"నేరస్థుణ్ణి నేరం చేస్తుండగా ఫోటో తీయాలి. న్యాయస్థానం ఫోటోను తప్ప దేన్నీ నమ్మదు" అని క్యారియరు ఎక్కాడు. సగం దారిలో, "తమ్మీ, చెవులు గడ్డకడుతున్నయ్. నీ టోపి జర ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. నా బుద్ధికి అప్పుడేమైందో నాకు తెలియదు.

చేను దగ్గర అతన్ని దింపి నేను ఊళ్ళోకి పరుగెత్తాను. మళ్ళీ తాళం. "కూలోళ్ళను తీస్కొని గిప్పుడే అడ్డదారిన చేనుకు పోయింది" అన్నారు. సైకిలు తిప్పి చేను వైపు తొక్కాను.

అక్కడ కనిపించిన దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందుంది. పొద్దు పొడుస్తోంది. ఎంకయ్య మంచె మీద, ఎర్రటి ఆకాశానికి అడ్డంగా, ఆరడుగుల మనిషి. మొహం నిండా నల్లటోపీ, నల్లకోటు, చేతిలో కెమెరా. యాదమ్మ ఏ మనిషిని చూసి భయపడిందో ఆ మనిషి అన్ని రోజుల తర్వాత మొదటిసారిగా నిజంగా ఆ చేనులోకి వచ్చాడు.

గట్టు మీద యాదమ్మ, ఎంకయ్య, వెనక అయిదారుగురు కూలీలు. అందరి చేతుల్లోనూ కొత్తగా సాన పట్టిన కొడవళ్ళు.

"అడుగో! ఇయ్యాల మంచెనే ఎక్కిండు!" అని ఎంకయ్య అరిచాడు.

ఇంద్రసేన తిరిగి చూశాడు. "ఆగండి! నేను అపరాధ పరిశోధకుణ్ణి! నేరస్థుడు ఈ పరిసరాల్లోనే..." అంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు. పిట్టలు తోలేవాడి కోసం కట్టిన మంచె అది, మానవాళి రక్షకుడి బరువు మోయలేదు. పటపటమని విరిగింది. ఇంద్రసేన, కెమెరా, వాసాలు, గడ్డి కలిసి యాదమ్మ కందిచేనులో పడ్డాయి.

"యవ్వా! కొట్టకుండ్రి! నేను రేడియో ఇంద్రసేన్ని! కడుపుల కొట్టకుండ్రి, నిన్నటి నుంచి ఏం తినలే!"

ఎవరూ కొట్టలేదు. అందరూ నేల మీద పడ్డవాటిని చూస్తున్నారు. కోటు లోపలి జేబులోంచి ఒక కవరు ఎగిరిపడి ఫోటోలు చెల్లాచెదురయ్యాయి. నా ఫోటోలే. నాకు ఇమ్మని ఫరీద్ నిన్ననే ఇంద్రసేన చేతికి ఇచ్చాడట. "కేసు అయినంక నిమ్మళంగ ఇద్దామనుకున్న" అని తర్వాత చెప్పాడు మహానుభావుడు. రహస్య ఫోటోలు తీసినవాడి కోసం చేనంతా కొలిచినవాడు ఆ ఫోటోలనే గుండెల మీద పెట్టుకుని తిరిగాడు.

"దొరికినయ్! మన చేన్ల ఫోటోలు దొరికినయ్!" అన్నాడు ఎంకయ్య.

యాదమ్మ కొడవలి గట్టు మీద పెట్టి, వంగి ఒక్కొక్కటే ఏరింది. మట్టి అంటినవాటిని కొంగుతో తుడిచింది. మొదటిది చూసింది. తిప్పి చూసింది.

"ఇదేంది?"

"సాలెగూడు పెద్దమ్మా" అన్నాను రొప్పుతూ. అప్పటికి నేను చేరుకున్నాను.

"సాలెగూడా?" రెండోది తీసింది. బర్రె వీపు మీద నల్ల పిట్ట. మూడోది, బండి గాడిలో నిలిచిన నీళ్ళు, నీళ్ళలో ఆకాశం. ఆ తర్వాతది గొంగళిపురుగు. దాని తర్వాతది కూడా ఆ గొంగళిపురుగే, ఇంకొంచెం దగ్గరగా.

యాదమ్మ తలెత్తి ఎంకయ్యను చూసింది. "పెద్దరోడ్డు మీద తీసినోళ్ళు ఏం తీసిన్రు ఎంకయ్యా?"

"బాయి, బాట, గెట్టురాళ్ళు. గవే తీసిన్రు."

"మరి ఇండ్ల గెట్టే లేకపాయె! గొంగడిపురుగును ఏం జేస్కుంటది సర్కారు? సాలెగూడుకు నష్టపరిహారం గట్టిస్తదా?"

కూలీల్లో ఒకామె కిసుక్కున నవ్వింది.

"పెద్దమ్మా, ఆ ఫోటోలు తీసింది నేను" అన్నాను. మూడోసారి ఒప్పుకోవడం. "నల్లటోపి నాదే. ఝరాసంగం బడిల డ్రాయింగు సార్ను. ఎవలు పంపలే. నీ చేను ఎవలు తీస్కుంటలేరు. నిన్న టేపుతోని కొల్చింది గూడ మేమే, ఉత్త పిచ్చితోని. నిన్ను గింత భయపెట్టిన, మాఫ్ చెయ్యి."

"మరెందుకు తీసినవ్ బిడ్డా?"

"మంచిగ కనవడ్డది, తీసిన."

"ఉత్తగనే?"

"ఉత్తగనే."

ఆమె చాలాసేపు నా మొహం చూసింది. అబద్ధం చెప్పే తెలివి ఉందా అని చూసిందనుకుంటాను. లేదని తేలినట్టుంది. ఎప్పుడూ నమ్మకం కలిగించని నా మొహం ఆ ఒక్కరోజు పనికొచ్చింది.

చేతిలో మిగిలిన ఆఖరి ఫోటో వైపు చూసి యాదమ్మ ఆగిపోయింది. కంది పూత మీద పొద్దుటి వెలుగు పడుతున్న ఫోటో. మధ్యలో జొన్న కంకులు వంగి ఉన్నాయి.

"ఇది ఎవలి చేను?"

"నీదే పెద్దమ్మా."

"నాదా?" దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత తలెత్తి ఎదురుగా ఉన్న చేనును చూసింది. "గింత మంచిగుంటదా? నేనెన్నడు సూడకపోతి! కలుపు దీసుడు, వంగుడే సరిపాయె."

యాదమ్మ కళ్ళు తుడుచుకుని, కూలీల వైపు తిరిగింది.

"పోండ్రి, కొడవళ్ళు దాచుకోండ్రి. పండినంక పిలుస్త. రొట్టెలు తెచ్చిన, తినిపోండ్రి."

ఇంద్రసేన కంది మొక్కల్లోంచి లేచి టోపీ సర్దుకున్నాడు. నవలల భాష తిరిగి వచ్చింది. "అనుకున్నట్టే జరిగింది! నేరస్థుడు సదాశివేనని మొదటి క్షణం నుంచీ నాకు తెలుసు. సరైన సమయంలో, సరైన చోట, సరైన కోణంలో మంచె మీద నుంచి పడి సాక్ష్యాలను బయటపెట్టాను."

"మరి నా మంచె?" అన్నాడు ఎంకయ్య.

ఆదివారం దాకా ఇంద్రసేన అక్కడే ఉండి కొత్త మంచె కట్టాడు. తీగలు ఎక్కువ, వాసాలు తక్కువ. పిట్టలు దాన్ని చూసి భయపడేవి కాబట్టి ఎంకయ్య దాన్ని ఎక్కకుండానే పని జరిగిపోయింది.

మంచె పూర్తయిన రోజే నేను మళ్ళీ కెమెరా పట్టుకుని వెళ్ళాను. యాదమ్మ కబురు పంపింది, ఫోటో దిగాలని. ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, చేను మధ్యలో నిటారుగా నిలబడింది.

"పెద్దమ్మా, జర దగ్గరికి రా. మొకం మంచిగ పడ్తది."

"మొకం ఎందుకు? చేను రావాలె. నాలుగు గెట్లు రావాలె."

వెనక్కి వెళ్ళాను. "అటుపక్క గెట్టు వచ్చిందా?" అని అరిచింది. రాలేదు. ఇంకా వెనక్కి వెళ్ళాను. కాలువ దాటాను. ఎంకయ్య చేనులోంచి బాట మీద పడ్డాను. మూడు గట్లు వచ్చాయి, నాలుగోది కంది మాటున ఉండిపోయింది. చివరికి సైకిలు నిలబెట్టి క్యారియరు మీదికి ఎక్కాను. ఇంద్రసేన రెండు చేతులతో, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని సైకిలు పట్టుకున్నాడు. తన డిటెక్టివ్ జీవితంలో ఒకదాన్ని పట్టుకుని వదలకుండా ఉండడం అతనికి అదే మొదటిసారి. నాలుగో గట్టు కూడా కనిపించగానే నొక్కాను.

ఫరీద్ ఆ ఫోటో కడిగి ఇచ్చాక నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. యాదమ్మ చేతులు కడుక్కుని వచ్చి అందుకుంది. వేలు పెట్టి ఒక్కో గట్టు వెంబడే నడిచినట్టు నెమ్మదిగా చుట్టూ తిప్పింది. నాలుగూ ఉన్నాయి. తర్వాత వెతికింది.

"మరి నేనేది?"

పచ్చని చేను మధ్యలో ఆవగింజంత తెల్లటి చుక్క చూపించాను. "ఇగో, ఇది. కనవడకుంట చిన్నగ పడ్డవ్ పెద్దమ్మా. ఇంకోటి తీస్త."

"ఏం వద్దు" అంది యాదమ్మ, ఫోటోను కొంగులో చుట్టుకుంటూ. "చుక్కనైతేంది? నా చేన్లనే ఉన్న గద."